గోడ మీద బూజు: పెయింటర్‌ని పిలిచే ముందు చేయాల్సిన పనులు

వానలు తగ్గి దసరా దగ్గరపడుతుంటే మన ఇళ్లలో చాలామంది ముందు ఫోన్ చేసేది పెయింటర్‌కే. బెడ్‌రూమ్ మూలలో నల్లటి మచ్చలు, బీరువా వెనక బూడిద రంగు పొర, బాత్రూమ్ పక్క గోడకు ఉబ్బిపోయిన పుట్టీ. ఆయన వచ్చి గీకి, కొత్త పుట్టీ పెట్టి, రెండు కోట్లు వేసి డబ్బులు తీసుకుని వెళ్తాడు. సంక్రాంతికి గోడ తళతళలాడుతుంది. మళ్లీ జూలై వచ్చేసరికి అదే మూల, అదే మచ్చ, ఈసారి ఇంకాస్త వెడల్పుగా.

బూజు బీజాలు గాలిలో ఏడాది పొడవునా ఉంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. వాటికి కావలసిన తిండి కూడా ఇంటి నిండా ఉంది: ప్లైవుడ్, అట్టపెట్టెలు, పెయింట్, దుమ్ము, బట్టలు. మనం ఆపగలిగేది నీటిని మాత్రమే. అందుకే కింద చెప్పే పనుల్లో బూజు తుడవడం ఐదో స్థానంలో ఉంది. ఆ వరుస మారిస్తే చేసిన ఖర్చంతా వృథా.

ముందు భయం సంగతి

"టాక్సిక్ మోల్డ్" (విషపు బూజు) పేరుతో వీడియోల్లో చూపించేది ఎక్కువగా స్టాకీబోట్రిస్ అనే నల్లటి, జిగురుగా ఉండే బూజు. రోజుల తరబడి తడిసి ఉన్న అట్ట, కాగితం, జిప్సమ్ బోర్డు మీద ఇది పెరుగుతుంది. 1990లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావానికి ఇదే కారణమన్న అనుమానంతో దీనికి పేరొచ్చింది. తర్వాత అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ అధ్యయనాలను మళ్లీ పరిశీలించి, ఆ సంబంధం రుజువు కాలేదని 2000లో ప్రకటించింది. అంతమాత్రాన బూజు మంచిదని కాదు. చెమ్మ పట్టిన ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ముక్కు దిబ్బడ, ఆస్తమా ఎక్కువవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. జ్ఞాపకశక్తి పోవడం, ఒళ్లంతా విషం ఎక్కడం లాంటి ప్రచారాలకు మాత్రం అంత గట్టి ఆధారాలు లేవు.

రంగు చూసి ప్రమాదం అంచనా వేయలేం. మన గోడల మీద కనిపించే నల్ల మచ్చల్లో ఎక్కువ భాగం క్లాడోస్పోరియం, ఆస్పర్జిల్లస్ లాంటి మామూలు రకాలే. ఆస్తమా ఉన్న పిల్లాడికి ఆకుపచ్చ బూజు కూడా ఇబ్బందే. కాబట్టి ఏ రకమో తేల్చడానికి వేలకు వేలు పోసి పరీక్షలు చేయించక్కర్లేదు. కంటికి కనిపిస్తే తీసేయాలి, అంతే.

ఇంకో మాట. 2021లో కోవిడ్ తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో టెన్షన్ పెట్టిన "బ్లాక్ ఫంగస్" వేరు, గోడ మీద నల్ల బూజు వేరు. అది మ్యూకర్‌మైకోసిస్. అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్ల వాడకం తోడై శరీరం లోపల పెరిగిన జబ్బు. ఫ్రిజ్ డోర్ రబ్బరు మీద, ఉల్లిపాయ పొరల మీద కనిపించే నలుపే ఆ జబ్బుకు కారణమని అప్పట్లో వాట్సాప్‌లో తిరిగింది. ఉల్లిపాయ మీద ఉండే నల్ల పొడి ఆస్పర్జిల్లస్ నైజర్ అనే వేరే బూజు. కడిగి వాడుకుంటాం. నిజంగా విషం అనాల్సిన బూజు కావాలంటే గోడ వైపు కాదు, బూజు పట్టిన వేరుశనగ గింజల వైపు చూడండి. వాటిలో చేరే అఫ్లాటాక్సిన్ లివర్ క్యాన్సర్ తెచ్చేదని తేలిపోయింది. వేయించినా పూర్తిగా పోదు.

1. అది బూజేనా?

గోడ మీద తెల్లగా దూదిలా, పొడిలా ఉబ్బితే చాలాసార్లు అది బూజు కాదు, ఉప్పు. ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను నీరు బయటికి తెచ్చి, తాను ఆరిపోతుంది. కొంచెం నీళ్లు చల్లి చూడండి. ఉప్పయితే కరిగిపోతుంది, బూజయితే తడిసి అక్కడే ఉంటుంది. ఉప్పు సిమెంటు, ఇటుక, రాయి మీదే వస్తుంది. చెక్క మీద, బెల్టు మీద, బట్ట మీద తెల్లగా కనిపిస్తే అది బూజే. ఏదైనా రెండూ చెప్పేది ఒకటే, అక్కడ నీరు ఉంది.

నల్ల మచ్చ అయితే ఇయర్ బడ్‌తో ఒక చుక్క బట్టల బ్లీచ్ పెట్టండి. ఒకట్రెండు నిమిషాల్లో రంగు వెలిస్తే బూజు. అలాగే ఉండిపోతే మసో, మురికో. దేవుడి గది పైన, గ్యాస్ స్టవ్ పై గోడ మీద నలుపు ఎక్కువగా అగరుబత్తి, నూనె పొగల మసే.

కంటికి ఏమీ కనిపించకుండా మట్టి వాసన, పాత గోనెసంచి వాసన వస్తుంటే ముక్కును నమ్మండి. బాత్రూమ్ గోడకు ఆనించి కట్టిన వార్డ్‌రోబ్ ఉంటే కింది సొరుగును పూర్తిగా బయటికి లాగండి. టార్చి వేసి వెనక ప్లైవుడ్ అడుగుభాగం చూడండి. లామినేట్ అంచు ఉబ్బి లేచి ఉంటుంది, వేలితో నొక్కితే చెక్క మెత్తగా దిగుతుంది, అరచేయి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఫ్లాట్లలో దాగిన బూజు ఎక్కువగా దొరికేది ఇక్కడే. తర్వాత చూడాల్సినవి ఫాల్స్ సీలింగ్ పైభాగం, సింకు కింది అర, అటక మీది దుప్పట్లు, ఏసీ లోపలి ట్రే, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ రబ్బరు మడతలు. తెలంగాణ వైపైతే కూలర్ గడ్డి ప్యాడ్లు కూడా.

2. నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

అసలు పని ఇదే. తొందరపడి మేస్త్రీని పిలిస్తే ఆయనకు తెలిసిన పని చెప్తాడు. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ చేసేవాడికి ప్రతి చెమ్మా స్లాబ్ నుంచే వస్తున్నట్టు కనిపిస్తుంది. ముందు మీరు గోడను చదవండి.

చెమ్మ నేల నుంచి మొదలై రెండు మూడు అడుగుల ఎత్తులో గీత గీసినట్టు ఆగిపోతే, నేల నెమ్ము పైకి ఎక్కుతోందని అర్థం. బయటికి వెళ్లి చూడండి. రోడ్డు ఎత్తు పెంచడం వల్లో, మొక్కల కోసం మట్టి పోయడం వల్లో ఇంటి గచ్చు కంటే బయటి నేల పైకి వచ్చిందేమో. పాత ఇళ్లలో ఇది చాలా మామూలు.

సీలింగ్ మీద వలయాలుగా, గోధుమ రంగు అంచుతో మచ్చ ఉంటే పై నుంచి వచ్చే నీరు. వాన పడిన రోజు పెరిగి, ఎండ రోజుల్లో ఆరితే టెర్రస్ లేదా సన్‌షేడ్ పగుళ్లు. వానతో సంబంధం లేకుండా ఉంటే పై ఫ్లాట్ బాత్రూమ్. అందులోనూ రెండు రకాలు. పైవాళ్లు ఊరెళ్లిన వారం కూడా మచ్చ తడిగానే ఉంటే నీళ్లు వచ్చే పైపు కారుతోంది, దానిలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి. వాళ్లు లేనప్పుడు ఆరి, వచ్చాక తడిస్తే నీళ్లు పోయే పైపు గానీ టైల్స్ సందులు గానీ కారణం.

ఇది తేల్చడానికి పైవాళ్లను మంచి చేసుకుని ఒక పరీక్ష పెట్టించండి. బాత్రూమ్ నేల మీది జాలీకి గుడ్డ కుక్కి, అంగుళం లోతు నీళ్లు నింపి, మిఠాయి రంగు కలిపి రాత్రంతా వదిలేయాలి. మర్నాటికి కింద మచ్చ పెరిగినా, రంగు దిగినా నేల వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. టెర్రస్ మీద అయితే అనుమానం ఉన్నచోట మట్టితో చిన్న గట్టు కట్టి నీళ్లు నిలబెడతారు. మీ ఇంటి పైపు మీదే అనుమానం ఉంటే, మీటరు ఉన్నచోట అన్ని ట్యాపులు కట్టేసి అరగంట చూడండి. ముల్లు కదిలితే ఎక్కడో కారుతోంది.

ఏ లీకేజీ లేకుండానే గోడ చెమర్చడం మూడో రకం. బయటి గోడల పై మూలల్లో, బీరువా వెనక, మంచం తల దగ్గర వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఒక గదిలో ఏసీని 18 డిగ్రీల మీద పెట్టి నిద్రపోతే, ఆ గోడకు అవతలి వైపున్న గదిలో గోడ చల్లబడి తడుస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రుల్లో కిటికీలన్నీ మూసి, ఇంట్లోనే బట్టలు ఆరేస్తే ఇదే జరుగుతుంది.

చెమ్మ గోడ లోపలిదా, గదిలోని గాలిదా తేలకపోతే ఒక అడుగు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి బిందువులు పడితే గోడలోనే నీరు ఉంది. గది వైపు పడితే గాలిలోది. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ పరీక్ష చేయకుండా వేలు పోసి గోడలోకి మందు ఎక్కించే ఇంజెక్షన్ ట్రీట్‌మెంట్‌లు చేయించుకున్న ఇళ్లు బోలెడు.

3. ఎవరిని ఆ గదిలో పడుకోనివ్వకూడదు

ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, కీమో తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు. వీళ్ల పడకను ఈ రాత్రే మార్చేయండి, రిపేర్లు తర్వాత. శుభ్రం చేసేటప్పుడు వీళ్లు ఇంట్లోనే ఉండకపోతే మంచిది.

ఊరెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలయ్యే దగ్గు, తుమ్ములు, కళ్ల దురద ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, గోడ ఫోటో చూపించండి. ఆస్తమా ఉండి గోధుమ రంగు గట్టి కఫం పడుతుంటే పల్మనాలజిస్ట్‌ని కలవాలి. ఆస్పర్జిల్లస్ అలర్జీ ఊపిరితిత్తులను దెబ్బతీసే జబ్బు ఒకటుంది, మన దేశంలో దాన్ని టీబీ అనుకుని మందులు వాడేసినవారూ ఉన్నారు. అమెరికాలో ఉన్నవారికి మూత్రంలో బూజు విషాలు కొలుస్తామనే పరీక్షలు అమ్ముతారు. వాటికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదని సీడీసీ 2015లోనే హెచ్చరించింది.

4. నీటిని ఆపండి

ప్లంబర్ పని ప్లంబర్‌కి, మేస్త్రీ పని మేస్త్రీకి. ఇక్కడ చెప్పేది తక్కువే. టైల్స్ సందుల్లో లీకేజీ అయితే పాత గ్రౌట్ (సందులు నింపే పూత) తీయించి ఎపాక్సీ గ్రౌట్ వేయించండి, తెల్ల సిమెంటు కాదు. ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయిందేమో చూడండి. గోడ వెంట మట్టి పెరిగి ఉంటే తవ్వి తగ్గించండి. అద్దె ఇంట్లో ఉన్నా చేసుకోగలిగిన పని ఇది.

5. ఇప్పుడు తుడవండి

మొత్తం బూజు పది చదరపు అడుగుల లోపు, అంటే దాదాపు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటే మీరే చేసుకోవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన ఈ హద్దు మన ఇళ్లకూ సరిపోతుంది. అంతకు మించితే, లేదా మురుగు నీటి వల్ల వచ్చినదైతే మనుషుల్ని పెట్టుకోండి.

ఎన్95 మాస్కు, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, కళ్లకు మూసి ఉండే గాగుల్స్. చీర కొంగు, చేతి రుమాలు పనికిరావు. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, లోపలి తలుపు మూయండి, బయటి కిటికీ తెరవండి.

పొడి చీపురుతో దులపడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఒక్క దెబ్బకు బీజాలన్నీ గది నిండా పరుచుకుంటాయి. ముందు స్ప్రే సీసాతో నీళ్లు చల్లి మచ్చను తడపండి. తర్వాత బట్టలుతికే పొడి కలిపిన నీళ్లలో పాత గుడ్డ ముంచి, అంచుల నుంచి మధ్యకు తుడవండి. గుడ్డ నల్లబడగానే అదే బకెట్‌లో జాడించకుండా కవర్‌లో వేసి మూతి కట్టండి, కొత్తది తీసుకోండి. చివర మంచినీళ్ల గుడ్డతో తుడిచి, పెడస్టల్ ఫ్యాన్‌ను కిటికీ బయటికి ఊదేలా పెట్టి ఆరబెట్టండి.

బ్లీచ్ అందరూ అనుకునేంత అవసరం లేదు. టైల్స్, సింకు, ప్లాస్టిక్ లాంటి నీరు పీల్చని వాటి మీద పనిచేస్తుంది. సిమెంటు గోడ, చెక్క మీద పైపై రంగు వెలిసి పోయినట్టు కనిపిస్తుందే తప్ప లోపలికి దిగేది ఎక్కువ భాగం నీరే. వాడాల్సి వస్తే నాలుగు లీటర్ల నీళ్లకు ఒక కప్పు మించవద్దు.

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. మన బాత్రూమ్‌లలో యాసిడ్ సీసా, టాయిలెట్ క్లీనర్ ఎప్పుడూ ఉంటాయి. అవి పోసి కడిగిన నేల మీద బ్లీచ్ గానీ, బ్లీచింగ్ పౌడర్ గానీ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. వెనిగర్ కలిపినా అంతే. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిస్తే మరో విష వాయువు. ఘాటు వాసన తగలగానే కడుగుదామని ఆగకండి, అన్నీ అక్కడే వదిలేసి బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం ఆగకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

6. ఏది ఉంచాలి, ఏది పారేయాలి

స్టీలు, గాజు, ప్లాస్టిక్ కడిగి ఉంచుకోవచ్చు. గట్టి చెక్క, టేకు తుడిచి ఆరబెడితే బాగుపడుతుంది. ఉబ్బిన ప్లైవుడ్, పార్టికల్ బోర్డు బాగుపడవు. బూజు పట్టిన అట్టపెట్టెలు, తడిసిన జిప్సమ్ సీలింగ్, ఫోమ్ పరుపులు బయటికే. దూది పరుపుకు పైపైన మాత్రమే బూజు పట్టి ఉంటే విప్పించి, గవుసెన ఉతికి, దూది ఎండలో వేసి మళ్లీ కుట్టించవచ్చు. లోపల దాకా వాసన ఉంటే వదిలేయండి.

పట్టుచీరల దగ్గరే మనసు ఒప్పదు. ఇంటి బయట నీడలో, గాలి తగిలేచోట ఆరేసి, పూర్తిగా ఆరాక మెత్తని బ్రష్‌తో దులిపి, డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు బూజు సంగతి చెప్పండి. ఎండలో వేస్తే రంగు పోతుంది. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, అప్పుడప్పుడూ మడత మార్చండి. కలరా ఉండలు పురుగుల కోసం, అవి తేమను పీల్చవు.

7. గోడను తిరిగి చేయించడం

పుట్టీ ఉబ్బినచోట వేలితో తట్టండి. డొల్లగా మోగినంత మేర ప్లాస్టర్ చెక్కించి, ఇటుక కనిపించేలా వదిలేయండి. వారాలు పడుతుంది. పాలిథిన్ షీటు పరీక్షలో బిందువులు రాకపోతేనే ప్లాస్టర్, ప్రైమర్, రంగు. యాంటీ ఫంగల్ పెయింట్ ఆరిన గోడకు ఉపయోగపడుతుంది, తడి గోడకు కాదు. ఇక పీవీసీ ప్యానెళ్లు, వాల్‌పేపర్‌తో మచ్చను కప్పెయ్యడం అంటే బూజుకు ఇల్లు కట్టివ్వడమే.

మన పాత మిద్దెలకు ఏటా సంక్రాంతికి ముందు సున్నం కొట్టేవారు. అందం కోసమే కాదు. సున్నపు క్షారానికి బూజు అంత తేలిగ్గా పట్టదు, పైగా సున్నం గోడను ఊపిరాడనిస్తుంది. సున్నంలో మైలతుత్తం కలిపేవారు కూడా. నిమ్మ, బత్తాయి రైతులు కొట్టే బోర్డో మిశ్రమం అదే. ఇప్పటి ఎమల్షన్ గోడల మీద ఆ పని కుదరదు. స్టోర్ గది, పశువుల పాక, కాంపౌండ్ గోడలకు సున్నం ఇప్పటికీ మంచి ఎంపికే. మైలతుత్తం మాత్రం విషం, పిల్లలకు అందనివ్వకండి.

వరద నీళ్లు వచ్చిన ఇళ్లకు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. అలాంటి ఇంట్లో బూజు ఒకట్రెండు రోజుల్లోనే మొదలవుతుంది. వెళ్లగానే మెయిన్ కరెంటు ఆపి ఉందో లేదో చూసుకుని, పరిహారం, ఇన్సూరెన్స్ కోసం నీటి మట్టం గీత కనిపించేలా ఫోటోలు తీసి, పరుపులు, సోఫాలు బయటికి వేయండి. బురద ఎండకముందే కడగండి. వార్డ్‌రోబ్‌ల వెనక పలకలు విప్పేయండి. తలుపులు మూసి బంధువుల ఇంటికి వెళ్లిపోతే, తిరిగొచ్చేసరికి నీళ్లు తాకని గోడ కూడా బూజు పట్టి ఉంటుంది. పగలు ఎవరో ఒకరు ఉండి తెరిచి ఉంచాలి. రంగులు ఆ సీజన్‌కి మర్చిపోండి.

8. మళ్లీ రాకుండా

కొన్ని వందల రూపాయలకు దొరికే, తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ కొని గదిలో పెట్టండి. గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే బూజుకు కష్టం. కోస్తాలో వానాకాలం అంత తగ్గడం కుదరదు, కనీసం ఎప్పుడు పెరుగుతోందో తెలుస్తుంది. ముసురు పట్టిన రోజు కిటికీలు బార్లా తెరిస్తే ఆరదు, బయటి తేమే లోపలికి వస్తుంది. తెరపి ఇవ్వగానే ఎదురెదురు కిటికీలు తెరవండి. బీరువాను గోడకు నాలుగైదు అంగుళాలు దూరంగా జరపండి. ఏసీలో డ్రై మోడ్ వాడండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్నానం అయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. ఇంట్లో బట్టలు ఆరేయక తప్పకపోతే ఒకే గదిలో, ఫ్యాన్ కింద, తలుపు మూసి.

అద్దె ఇల్లు, అపార్ట్‌మెంట్, విదేశం

అద్దెకు దిగే ముందే వార్డ్‌రోబ్‌లు తెరిచి వాసన చూడండి. చేరిన రోజే మచ్చలన్నీ ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి, అడ్వాన్స్‌లో పెయింటింగ్ కోత పెట్టేటప్పుడు పనికొస్తుంది. పై ఫ్లాట్ లీకేజీ అయితే గొడవ పడకుండా ముందు రంగు నీళ్ల పరీక్ష ఫలితంతో అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. టెర్రస్, బయటి గోడలు, ఉమ్మడి పైపులు సాధారణంగా అసోసియేషన్ ఖర్చే.

ఇంగ్లండ్‌లో సోషల్ హౌసింగ్‌లో (కౌన్సిల్, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో) ఉంటే, రాచ్‌డేల్‌లో రెండేళ్ల బాబు బూజు వల్ల చనిపోయాక అతని పేరుతో తెచ్చిన ఆవాబ్ చట్టం 2025 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదును పది పనిదినాల్లో, అత్యవసరమైతే 24 గంటల్లో పరిశీలించాలి. ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉన్న విద్యార్థులకు ఇది ఇంకా వర్తించదు, వాళ్లు కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి వెళ్లాలి.

అమెరికా ఇళ్ల గోడలు ఎక్కువగా జిప్సమ్ బోర్డువి. దాని కాగితం తడిసి బూజు పట్టాక తుడిస్తే పోదు, ఆ ముక్క కోసి తీసేయాలి. టెక్సస్‌లో ఒకేచోట 25 చదరపు అడుగులు, అంతకు మించి ఉంటే పనికి లైసెన్సు ఉన్నవాళ్లు కావాలి. పరీక్షించి రిపోర్టు ఇచ్చిన కంపెనీయే ఆ పని చేయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. డాలస్ వైపు ఎవరైనా రెండూ మేమే చేస్తామంటే లైసెన్సు నంబరు అడగండి.